మిద్దె ఎక్కకుండానే ఫోన్ మోగాలంటే

ప్రశ్న: మాది చంద్రగిరి పక్కన, కొండ వార పల్లె. నేను రిటైరైన టీచర్ని. పిల్లలిద్దరూ బెంగళూరులో ఉన్నారు. మా వారికి రెండేళ్ల కిందట తిరుపతిలో గుండెకు స్టెంట్ వేశారు. మూడు నెలలకోసారి చూపించుకోవాలి. మా ఇంట్లో సెల్ సిగ్నల్ ఉండదు. పాతకాలం రాతి గోడలు. మిద్దె మీదికి పోతే రెండు గీతలు వస్తాయి. మొన్న డాక్టర్ గారు ఊళ్లో లేరు, రావద్దని చెప్పడానికి ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారట. అందలేదు. బస్సెక్కి పోయి, ఎండలో తిరిగొచ్చాం. ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్ ఉంది. పిల్లలతో వాట్సాప్‌లో బాగానే మాట్లాడతాం. మామూలు కాల్ మాత్రం రాదు, బ్యాంకు ఓటీపీ కూడా రాదు. సెల్ షాపులో అడిగితే, 'వైఫై కాలింగ్ అని ఉంది, యాప్ ఎక్కించి యాక్టివేట్ చేస్తా, ఐదు వందలు ఇవ్వండి' అన్నారు. పక్కింటి అబ్బాయి ఆన్‌లైన్‌లో సిగ్నల్ బూస్టర్ తెప్పిస్తానంటున్నాడు. నాది శాంసంగ్ ఫోన్. మా వారిది బటన్ ఫోన్, ఇరవై ఏళ్లుగా అదే నంబరు. ఈ వైఫై కాలింగ్ అంటే ఏమిటి? బిల్లు ఎక్కువొస్తుందా? మాలాంటి వాళ్లం పెట్టుకోగలమా?

జవాబు: టీచరమ్మ గారూ, ఆ ఐదు వందలు ఇవ్వకండి. ఏ యాప్ కూడా ఎక్కించుకోకండి. మీరడిగిన సౌకర్యం మీ ఫోన్‌లోనే ఉండి ఉంటుంది. దాన్ని ఆన్ చేయడానికి రెండు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. మీరే చేసుకోగలరు. ఉత్తరం ఇంత వివరంగా రాశారు కాబట్టి నేనూ వివరంగానే చెబుతాను. మీ వారి ఆరోగ్యం సంగతి కూడా ఇందులో ఉంది. అందుకే ఆన్ చేయడం దగ్గరే ఆగకుండా, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెబుతాను.

ముందు అదేమిటో చూద్దాం. మీకు శ్రీవారి మెట్టు దగ్గరే కదా. తిరుమలకు అలిపిరి నుంచి ఎక్కేవాళ్లు ఉన్నారు, శ్రీవారి మెట్టు నుంచి ఎక్కేవాళ్లు ఉన్నారు. దారి వేరైనా చేరేది ఒకే కొండకు. ఫోన్ కాల్ కూడా అంతే. మామూలుగా మీ మాట ఫోన్ నుంచి గాలిలో టవర్‌కు పోయి, అక్కడి నుంచి మీ సిమ్ కంపెనీ నెట్‌వర్క్‌కు చేరుతుంది. వైఫై కాలింగ్ ఆన్ చేస్తే అదే మాట మీ ఇంటి రూటర్ నుంచి ఫైబర్ తీగ మీదుగా అదే కంపెనీ నెట్‌వర్క్‌కు చేరుతుంది. అక్కడ కంపెనీ వాళ్లు మీ సిమ్‌ను గుర్తుపట్టి, ఇది ఫలానా నంబరే అని రూఢి చేసుకుని కాల్ కలుపుతారు. దారిలో ఎవరూ వినకుండా మాట తాళం వేసినట్టు భద్రంగా పోతుంది.

దీనికీ వాట్సాప్ కాల్‌కీ తేడా ఇక్కడే ఉంది. వాట్సాప్‌లో మాట్లాడాలంటే అవతలివాళ్ల దగ్గరా వాట్సాప్ ఉండాలి, నెట్ ఉండాలి. మీ పిల్లలకు అది సరిపోతుంది. ఆసుపత్రి కౌంటర్‌లో అమ్మాయి, గ్యాస్ బండి అబ్బాయి, బ్యాంకు, పింఛను ఆఫీసు, వీళ్లంతా మీ పది అంకెల నంబరుకే చేస్తారు. వైఫై కాలింగ్‌లో ఆ నంబరే మోగుతుంది. వాళ్ల దగ్గర బటన్ ఫోన్ ఉన్నా, ల్యాండ్‌లైన్ ఉన్నా ఇబ్బంది లేదు. మీరూ రోజూ చేసినట్టే నంబరు నొక్కి చేస్తారు. కాల్ ఏ దారిన పోయిందో అవతలివాళ్లకు తెలియదు కూడా.

మన దేశంలో ఇది కొత్తదేమీ కాదు. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టాయి. తర్వాత వీఐ వచ్చింది, ఆలస్యంగానైనా బీఎస్ఎన్ఎల్ కూడా వచ్చింది. ఇన్నేళ్లుగా ఉన్నా, సిగ్నల్ లేని ఇళ్లలోని పెద్దవాళ్లకు దీని గురించి చెప్పినవాళ్లు తక్కువ. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది అదే. గుండెకు స్టెంట్ ఉన్న మనిషిని తీసుకుని ఎండలో పోయి రావలసి వచ్చింది, ఆన్ చేయని ఒక మీట కోసం.

బిల్లు గురించి అడిగారు. విడిగా ఏమీ పడదు. మీరు వేసుకున్న రీఛార్జిలో కాల్స్ ఎలా లెక్కకు వస్తాయో ఇవీ అలాగే వస్తాయి. అన్‌లిమిటెడ్ ప్యాక్ అయితే అందులోనే. ఇంటి ఇంటర్నెట్ మాత్రం కొంచెం ఖర్చవుతుంది, నిమిషానికి సుమారు ఒక ఎంబీ. ఫైబర్ ఉన్న ఇంట్లో అది లెక్కలోకి రాదు. ఒకటి గుర్తుంచుకోండి. రీఛార్జి అయిపోతే వైఫై ఉన్నా కాల్ పోదు. సిమ్ బతికి ఉండాలి.

ఇప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకోండి.

ఇంటి వైఫైకి కలిపి, కాల్స్ చేసే పచ్చ ఫోన్ గుర్తు తెరవండి. పైన కుడివైపు మూడు చుక్కలు ఉంటాయి. అవి నొక్కితే సెట్టింగ్స్ వస్తుంది. అందులో వైఫై కాలింగ్ అని కనబడుతుంది, దాన్ని ఆన్ చేయండి. రెండు సిమ్‌లు ఉంటే రెండింటికీ విడివిడిగా ఆన్ చేయాలి. చాలామంది ఒకదానికి చేసి, రెండోది మోగలేదని కంగారు పడుతుంటారు. తర్వాత ఫోన్‌ను ఒకసారి ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేసి, ఐదు నిమిషాలు ఆగండి. పైన సిగ్నల్ గీతల దగ్గర ఫోన్ బొమ్మతో పాటు వైఫై గుర్తు గానీ, వైఫై అనే అక్షరాలు గానీ వస్తాయి. అది వచ్చిందంటే మీ సిమ్ ఫైబర్ దారి పట్టిందని.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కూడా చెబుతున్నాను. షావోమి, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో సెట్టింగ్స్‌లో సిమ్ కార్డులు, మొబైల్ నెట్‌వర్క్ అని ఉండే చోటికి పోయి, మీ సిమ్ మీద నొక్కితే కిందికి ఎక్కడో ఉంటుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా కింద ఉంటుంది. పేర్లు, వరుసలు ఫోన్ ఫోన్‌కీ మారుతుంటాయి కాబట్టి దారి గుర్తు పెట్టుకోవడం కంటే సులువు ఇంకొకటి ఉంది. సెట్టింగ్స్ తెరవగానే పైన వెతికే పెట్టె ఉంటుంది. అందులో వైఫై కాలింగ్ అని ఇంగ్లీషులో కొడితే నేరుగా అక్కడికే తీసుకుపోతుంది.

గుర్తు వచ్చినంత మాత్రాన నమ్మేయకండి, ఒక పరీక్ష పెట్టండి. పైనుంచి కిందికి లాగితే విమానం బొమ్మ వస్తుంది కదా, అది నొక్కండి. ఫ్లైట్ మోడ్ అంటారు. దాంతో టవర్‌తో సంబంధం పూర్తిగా తెగిపోతుంది. వైఫై కూడా ఆగిపోతే మళ్లీ దాన్ని మాత్రం ఆన్ చేయండి. ఇప్పుడు బెంగళూరులో మీ పిల్లలకు మామూలు కాల్ చేయండి. పోయిందంటే అది ఫైబర్ మీదే పోయింది, ఇంకో దారి లేదు. తర్వాత వాళ్లను మీకు చేయమనండి. రావడం కూడా చూసుకోవాలి. మీకు నష్టం జరిగింది రాని కాల్ వల్లే కదా. పరీక్ష అయ్యాక విమానం బొమ్మను మరచిపోకుండా ఆపేయండి.

ఈ చివరి మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మా అమ్మ ఇల్లు తిరుపతి పాత ఊళ్లో, గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లోని సందులో. రెండు పక్కలా మూడంతస్తుల ఇళ్లు, మధ్యలో ఆమె ఇంటికి సిగ్నల్ అందేది కాదు. నేను తెలివిగా అనుకుని, ఆమె ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై ఆన్ చేసి, 'ఇక బాగా మోగుతుందమ్మా' అని చెప్పి వచ్చేశాను. ఇంట్లో బాగానే మోగింది. రెండు రోజుల తర్వాత ఆమె సాయంత్రం గుడికి పోయి, అటు నుంచి అటే కూరగాయలకు పోయింది. బయట వైఫై లేదు, టవర్ నేనే తెంపేశాను. రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆమె ఫోన్ కలవలేదు. ఆ రెండు గంటలు నేను పడిన టెన్షన్ మీకు రాకూడదు. ఫ్లైట్ మోడ్ పరీక్షకు మాత్రమే వాడండి.

అయితే మీలాంటి ఇళ్లలో ఒక చిక్కు వస్తుంది. సిగ్నల్ పూర్తిగా లేకపోతే ఫోన్ సులువుగా వైఫై దారి పడుతుంది. ఒకే ఒక్క గీత ఉండీ ఉండనట్టు ఉంటే మాత్రం ఆ గీతనే పట్టుకుని వేలాడుతుంది. కాల్ వచ్చినా మాట తెగిపోతుంటుంది. దీనికి విరుగుడు అదే వైఫై కాలింగ్ పేజీలో ఉంటుంది. ఆ అక్షరాల మీద నొక్కి లోపలికి పోతే, ముందు వైఫై వాడాలా, ముందు మొబైల్ నెట్‌వర్క్ వాడాలా అని అడిగే చోటు చాలా ఫోన్లలో ఉంటుంది. ముందు వైఫై అని పెట్టండి. ఆ ఎంపిక మీ ఫోన్‌లో లేకపోతే బాధపడకండి, ఫోన్‌ను రోజంతా రూటర్ ఉన్న గదిలోనే ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

ఆ రూటర్ ఎక్కడుందో మీరు రాయలేదు. కేబుల్ వాళ్లు సాధారణంగా టీవీ వెనకాలో, బీరువా పక్కనో బిగించి పోతారు. రాతి గోడలు టవర్ సిగ్నల్‌ను ఆపినట్టే వైఫైనీ ఆపుతాయి. ఇనుప బీరువా ఇంకా ఎక్కువ ఆపుతుంది. మీరిద్దరూ ఎక్కువసేపు ఉండే చోటికి, అంటే నడవలోకో, వంటిల్లూ పడకగదీ రెండూ కనబడే గోడ మీదికో, మనిషి ఎత్తులో మార్పించండి. రూటర్‌లో రెండు పేర్లతో వైఫై కనబడుతుంటే, 5 అనే అంకె ఉన్నది 5 గిగాహెర్ట్జ్, రెండోది 2.4 గిగాహెర్ట్జ్. మీ ఫోన్‌ను 2.4 దానికే కలపండి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ గానీ గోడలు దాటే శక్తి తక్కువ. మాటకు వేగం పెద్దగా అక్కర్లేదు, తెగకుండా ఉండటం కావాలి. టవర్ సంగతి కూడా ఇంతే. 850, 900 మెగాహెర్ట్జ్ సిగ్నల్ గోడల్లోకి కొంత చొరబడుతుంది. 1800, 2300 అంతగా రాదు. 5జీకి వాడే 3500 ఇంకా రాదు. పైగా మీకు ఒక పక్క శేషాచలం కొండలు అడ్డు. సిగ్నల్ లేకపోవడంలో మీ ఫోన్ తప్పేమీ లేదు. కొత్త ఫోన్ కొంటే బాగుపడుతుందని ఎవరైనా చెబితే కొనకండి.

మాట్లాడుతూ మాట్లాడుతూ అరుగు మీదికో, దొడ్లోకో పోయే అలవాటు ఉంటే కొంచెం జాగ్రత్త. 4జీ సిగ్నల్ ఉన్న చోట కాల్ తెగకుండా వైఫై నుంచి టవర్‌కు మారుతుంది. మీ దొడ్లో సిగ్నల్ లేకపోతే మారడానికి చోటు లేక తెగిపోతుంది. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఇంట్లోనే కూర్చోండి.

అసలు వైఫై కాలింగ్ అనే మాటే మీ ఫోన్‌లో కనబడకపోతే? ముందు ఫోన్ అసలు సెట్టింగ్స్‌లో, మొబైల్ నెట్‌వర్క్ అనే చోట, వోల్టీ (VoLTE) కాల్స్ అని ఉంటుంది, అంటే 4జీ మీద పోయే కాల్స్. అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది ఆఫ్‌లో ఉంటే ఇది పనిచేయకపోవచ్చు. తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేసుకోండి. మీ సిమ్ పదేళ్ల కిందటిదైతే అది 4జీ సిమ్ కాకపోవచ్చు. కంపెనీ సొంత దుకాణంలో ఆధార్ చూపి అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకోండి. అప్పటికీ రాకపోతే మీ మోడల్‌కు మీ కంపెనీ ఆ సౌకర్యం ఇవ్వలేదని అర్థం. కంపెనీ కస్టమర్ కేర్‌కు మిద్దె మీద నుంచి ఒకసారి చేసి అడిగితే చెబుతారు.

మాట కనబడి, ఆన్ చేసినా గుర్తు రాకపోతే లోపం చాలాసార్లు ఇంటర్నెట్ వైపు ఉంటుంది. మీ ఫోన్‌లో వీపీఎన్ ఏదైనా ఉంటే తీసేయండి. అదేమిటో తెలియదంటే ఉండకపోవచ్చు, మనవళ్లు ఆటల కోసం పెట్టి ఉంటే తప్ప. అయినా రాకపోతే కేబుల్ అబ్బాయిని పిలిచి ఈ ముక్క చూపించండి: 'రూటర్‌లో ఐపీసెక్ పాస్‌త్రూ ఆన్ చేయాలి, యూడీపీ 500, 4500 పోర్టులు మూసి ఉంటే తెరవాలి.' వైఫై కాలింగ్ పోయేది ఆ రెండు తలుపుల గుండానే. అవి మూసి ఉంటే వాట్సాప్, యూట్యూబ్ అన్నీ బాగానే నడుస్తాయి, ఇదొక్కటే నడవదు. కొన్ని ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, లాడ్జీల్లో వైఫై ఉన్నా వైఫై కాలింగ్ రాకపోవడానికి కారణమూ ఇదే.

ఓటీపీ సంగతి. మెసేజ్‌లు కూడా చాలావరకు ఈ దారిలోనే వస్తాయి. అయితే కాల్స్ వచ్చినంత కచ్చితంగా అన్ని ఫోన్లలో, అన్ని సిమ్‌లలో వస్తాయని చెప్పను. ఫ్లైట్ మోడ్ పరీక్ష చేసేటప్పుడే మీ అబ్బాయిని వాట్సాప్‌లో కాకుండా మామూలు మెసేజ్ ఒకటి పంపమనండి. బ్యాంకు యాప్‌లో కూడా ఒకసారి ఓటీపీ అడిగి చూడండి. రెండూ వస్తే నిశ్చింత. రాకపోతే ఓటీపీకి మాత్రం మిద్దె తప్పదు. బ్యాంకులో చెప్పి ఈమెయిల్‌కు కూడా పంపే ఏర్పాటు ఉంటే పెట్టించుకోండి. చాలా బ్యాంకుల్లో ఉంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. ఈ కొత్త దారి కరెంటు మీద ఆధారపడి ఉంది. టవర్‌కు బ్యాటరీలు, జనరేటర్ ఉంటాయి. మీ రూటర్‌కు ఏమీ లేవు. కరెంటు పోయిన మరుక్షణం వైఫై పోతుంది, దాంతో మీ ఫోనూ మళ్లీ పాత స్థితికి వస్తుంది. మన వైపు కార్తీకంలో వానలు పట్టుకుంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు, స్వర్ణముఖి పొంగినప్పుడు చూశాం. సరిగ్గా ఫోన్ కావలసిన రాత్రే కరెంటు ఉండదు.

దీనికి చిన్న రూటర్ యూపీఎస్ దొరుకుతుంది, అరచేతి కన్నా కొంచెం పెద్దది. రూటర్ ఛార్జర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అనో 2 ఆంపియర్లు అనో రాసి ఉంటుంది. ఆ చీటీని ఫోటో తీసుకుపోయి దుకాణంలో చూపి, దానికి సరిపడేది తీసుకోండి. కొన్ని ఇళ్లలో ఫైబర్ డబ్బా ఒకటి, వైఫై రూటర్ ఒకటి విడివిడిగా ఉంటాయి. అలాగైతే రెండింటికీ కరెంటు అందాలి. ఒకదానికి పెట్టి రెండోదాన్ని వదిలేస్తే ఏమీ లాభం లేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకుంటే సరిపోతుంది, వేరే కొనక్కర్లేదు. కేబుల్ అబ్బాయిని ఇంకొక మాట అడగండి: 'ఊళ్లో కరెంటు పోతే మీ దగ్గరి నుంచి మా ఇంటికి సిగ్నల్ వస్తుందా, మధ్యలో కరెంటుతో నడిచే డబ్బాలేమైనా ఉన్నాయా?' అసలైన ఫైబర్ లైనులో దారి మధ్య కరెంటు అక్కర్లేదు, ఆ చివర వాళ్ల ఆఫీసులో ఉంటే చాలు. కొన్నిచోట్ల మధ్యలో స్తంభానికి చిన్న స్విచ్ డబ్బా బిగించి, పక్కనున్న ఇంటి నుంచి కరెంటు తీసుకుంటారు. అలా ఉంటే మీ యూపీఎస్ ఒక్కటే కాపాడలేదు. ముందే తెలిస్తే మంచిది.

అందుకే 108, 112 విషయంలో వైఫై కాలింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చేతులు పట్టుకుని చెబుతున్నాను. 112కు ఒక సౌలభ్యం ఉంది. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే ఏ కంపెనీ టవర్ అందినా దాని మీదుగా పోగలదు. వైఫై మీదుగా పోయిన కాల్‌లో మాత్రం మీరు ఎక్కడున్నారో అవతలివాళ్లకు తెలియకపోవచ్చు. టవర్‌ను బట్టి చోటు పట్టుకునే వీలు అందులో ఉండదు. కాబట్టి కాల్ కలవగానే మొదట ఊరు, మండలం, గుర్తు చెప్పండి, తర్వాతే జబ్బు సంగతి. 'చంద్రగిరి మండలం, ఫలానా ఊరు, రామాలయం వెనక సందు' అని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి రూటర్ పక్కనే గోడకు అంటించండి. కంగారులో మన ఊరి పేరే మనకు నోట రాదు. అదే కాగితం మీద, ఊళ్లో కారో ఆటోనో ఉండి రాత్రి ఏ వేళకైనా వచ్చే మనిషి నంబరు రాయండి. పరీక్ష కోసం 108కు మాత్రం చేయకండి. ఆ నిమిషంలో ఇంకెవరికో అవసరం ఉండవచ్చు.

ఇప్పుడు మీ వారి ఫోన్. బటన్ ఫోన్లలో చాలావాటికి వైఫై ఉండదు, కాబట్టి ఆ ఫోన్‌లో ఇది కుదరదు. ఇరవై ఏళ్ల నంబరు, ఆ బటన్లు ఆయన చేతికి అలవాటైన ఫోను. మార్చమని ఆయన్ను బలవంతపెట్టకండి. మూడు మార్గాలున్నాయి, నాకు నచ్చినది చివర చెబుతాను.

పిల్లలు వాడి పక్కన పెట్టిన 4జీ స్మార్ట్‌ఫోన్ ఉంటే ఆయన సిమ్ అందులో వేసి ఇంట్లో ఉంచవచ్చు. ఆ కంపెనీ, ఆ మోడల్ రెండూ వైఫై కాలింగ్ ఇస్తేనే లాభం. ఆయనకు తెర మీద పచ్చ గుర్తు పక్కకు జరపడం కష్టమైతే ఇది చిరాకే.

రెండోది కాల్ ఫార్వర్డింగ్. ఆయన ఫోన్ అందుబాటులో లేనప్పుడు వచ్చే కాల్ మీ ఫోన్‌కు మళ్లేలా పెట్టడం. ఫోన్‌లోని కాల్ సెట్టింగ్స్‌లో 'అందుబాటులో లేనప్పుడు' అనే దానికి మాత్రమే పెట్టాలి, 'ఎల్లప్పుడూ' అనే దానికి కాదు. మళ్లిన కాల్ ఖర్చు ఆయన ప్యాక్‌లోంచే పోతుంది. ఇది మీ అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు, అతని చేతే పెట్టించుకోండి. ఎవరో ఫోన్ చేసి, 'మీ సిమ్ ఆగిపోతుంది, స్టార్‌తో మొదలయ్యే ఈ నంబరు కొట్టండి' అంటే మాత్రం కొట్టకండి. కాల్స్ అన్నీ తమకు మళ్లించుకుని, ఓటీపీలు విని, బ్యాంకు ఖాతా ఊడ్చేసే మోసం ఇలాగే నడుస్తోంది. వైఫై కాలింగ్ యాక్టివేట్ చేస్తామంటూ ఫోన్ చేసేవాళ్లూ ఆ కోవలోకే వస్తారు. ఏ కంపెనీ అలా ఓటీపీ అడగదు. పొరపాటున ఎవరికైనా చెప్పేస్తే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మూడోది ల్యాండ్‌లైన్. మీ ఫైబర్ డబ్బా వెనక చూడండి. ఇంటర్నెట్ తీగలు గుచ్చే రంధ్రాల పక్కన కొంచెం చిన్న రంధ్రం, దాని దగ్గర ఫోన్ అని రాసి గానీ, ఫోన్ బొమ్మ గానీ ఉంటుంది చాలా డబ్బాలకు. అందులో పాత ల్యాండ్‌లైన్ సెట్టు గుచ్చి మాట్లాడవచ్చు. జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కనెక్షన్లలో ఈ సౌకర్యం ఉంది. ఏపీ ఫైబర్‌నెట్ అయితే 2017లో మొదలైనప్పుడే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ ఒకే తీగ మీద ఇస్తామని వచ్చింది. మీది ఎవరి కనెక్షనో రాయలేదు కాబట్టి మీ ప్లాన్‌లో ఫోన్ ఉందో లేదో కేబుల్ వాళ్లనే అడగాలి. ఉంటే ఒక నంబరు ఇస్తారు. నాకు నచ్చింది ఇదే. టీచరమ్మ గారూ, మీ తరం వాళ్ల ఇళ్లలో ఒకప్పుడు ఆ సెట్టు ఉండేది, దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉండేది. రిసీవర్ ఎత్తితే మాట వినబడుతుంది, దించితే ఆగిపోతుంది. ఛార్జింగ్ లేదు, తెర లేదు. గట్టిగా మోగుతుంది, పడకగది దాకా వినబడుతుంది. గుండె జబ్బు ఉన్న పెద్దాయనకు రాత్రిపూట మంచం పక్కన అంతకన్నా మంచి ఫోన్ లేదు. దీనికీ కరెంటు కావాలి, ఆ యూపీఎస్ దీన్నీ నడుపుతుంది.

బూస్టర్ మాట మరిచాను. పక్కింటి అబ్బాయి మంచి మనసుతోనే అన్నాడు, కానీ వద్దని చెప్పండి. సెల్ సిగ్నల్ బూస్టర్ లేదా రిపీటర్ సొంతంగా ఇంటి మీద పెట్టుకోవడం మన దేశంలో చట్టప్రకారం నేరం. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారంటే అనుమతి ఉన్నట్టు కాదు. అవి టవర్‌కు గోల పంపి చుట్టుపక్కల అందరి కాల్స్ పాడుచేస్తాయి. మీ ఒక్క ఇంటి కోసం ఊరి మిద్దెల మీద ఉన్న ఆ రెండు గీతలూ పోతాయి. వైఫై ఎక్స్‌టెండర్ అని ఇంకొకటి ఉంది, అది వేరు. రూటర్ వైఫైని పక్క గదికి మోసుకుపోతుంది. దానికి ఏ అభ్యంతరమూ లేదు, రాతి గోడల ఇంట్లో పనికొస్తుంది కూడా. పక్కింటి అబ్బాయికి సాయం చేయాలని ఉంటే దాన్ని బిగించడంలో చేయమనండి.

మీరు చేయవలసిన వరుస ఇది. ఈ రోజు వైఫై కాలింగ్ ఆన్ చేసి, ఫ్లైట్ మోడ్ పరీక్ష పెట్టండి. ఈ వారంలో కేబుల్ అబ్బాయిని పిలిచి రూటర్ చోటు మార్పించి, ఫోన్ రంధ్రం సంగతి అడగండి. వచ్చే చూపింపుకు పోయినప్పుడు ఆసుపత్రి కౌంటర్‌లో మీ వారి నంబరు కింద మీ నంబరు, ల్యాండ్‌లైన్ వస్తే ఆ నంబరు కూడా రాయించండి. యూపీఎస్ వచ్చాక ఒక సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపేసి, మీ అబ్బాయిని బెంగళూరు నుంచి రెండు నంబర్లకూ ఫోన్ చేయమనండి. ఆ చీకట్లో ఏది మోగింది, ఏది మోగలేదు, ఎంతసేపు నడిచింది అన్నది రాసి పంపండి. ఏదైనా మోగకపోతే ఎక్కడ ఆగిందో చూసి మళ్లీ చెబుతాను.